క్లాసులో ఒక పిల్లాడి మాటను మిగతావాళ్లు వెక్కిరిస్తుంటే ఏం చేయాలి?

కొత్తగా చేరిన బాబు నోరు విప్పితే చాలు మూడో తరగతి మొత్తం నవ్వుతోందని, "తప్పు" అని ఎన్నిసార్లు చెప్పినా ఆగడం లేదని అడిగారు. ఆగదండీ. నేనూ అలాగే చెప్పి పని చెడగొట్టినదాన్నే.

మాది శ్రీకాకుళం జిల్లాలో ఒడిశా సరిహద్దు దగ్గరి ప్రాథమిక బడి. మందస, మెళియాపుట్టి వైపు తిరిగినవాళ్లకు తెలుసు, ఒకే బెంచీ మీద తెలుగు, ఒడియా, సవర ఇళ్ల పిల్లలు కూర్చుంటారు. సవరలంటే ఇక్కడి కొండల్లోని గిరిజనులు, వాళ్ల భాషనీ సవర అనే అంటారు. ఒక ఏడాది కొండ మీది ఊరి నుంచి సవర బాబు వచ్చాడు. చదువు బాగానే ఉంది గానీ "అమ్మ వచ్చాడు" అనేవాడు. ఇంకేముంది, అదే వాడి పేరైపోయింది.

వాణ్ణి ముందుకు పిలిచి, భుజం మీద చెయ్యేసి, "వీడూ మనవాడే, ఏడిపించకండి" అని పది నిమిషాలు క్లాసు పీకాను. అప్పటిదాకా నలుగురికే తెలిసిన పేరు ఆ దెబ్బతో ఐదో తరగతి దాకా పాకింది. వాడు రెండు రోజులు బడికే రాలేదు. తప్పు చేసినవాణ్ణి నిలబెట్టినట్టే నిలబెట్టాను మరి.

తర్వాత ఒకరోజు మధ్యాహ్న భోజనం దగ్గర ఊరికే అడిగాను, "నీళ్లని మీ ఇంట్లో ఏటంటారు?" అని. అందర్నీ అడిగాను, వాణ్ణొక్కణ్ణే కాదు. ఒడియా గుంట "పాణి" అంది. వీడు చాలాసేపటికి చిన్నగా చెప్పాడు. "డా" లాంటిదే, కానీ మధ్యలో గొంతు చటుక్కున ఆగుతుంది. అందరూ ప్రయత్నించారు, ఒక్కరికీ రాలేదు. నాకు అసలే రాలేదు. "అలా కాదు టీచరూ" అని దిద్దుతూ వాడు మొదటిసారి నవ్వాడు.

అప్పట్నుంచి బోర్డు మూల రోజుకో మాట. సవరలో క్రియకి ఆడ, మగ తేడా ఉండదని, అందుకే "వచ్చాడు" అన్నాడని ఆ వరసలోనే చెప్పాను. ట్రైనింగ్‌కి వేరే జిల్లా వెళ్తే, "ఏమిటి"ని మనలా "ఏటి" అన్నానని నన్ను చూసి నవ్వారని కూడా చెప్పాను. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం ఎలాగూ చేస్తాం కదా, ఆ రోజు గిడుగు రామమూర్తి గారి గురించి చెప్పాను. 1863లో మన శ్రీకాకుళం వైపే పుట్టిన ఆ పంతులు గారు సవరల దగ్గర కూర్చుని వాళ్ల భాష నేర్చుకుని, వాళ్ల పిల్లలకి వాచకాలు రాశారంటే మావాళ్లు నమ్మలేదు. "పంతులే నేర్చుకున్నాడా?" అన్నారు.

అందరూ మారిపోయారని చెప్పను. ఒకడు మాత్రం ఆ పేరు వదల్లేదు. వాడితో విడిగా మాట్లాడితే "మా మామ్మ కొండోళ్లని అలాగే అంటాది" అన్నాడు. వాళ్ల నాన్నని పిలిచి చెబితే ఆయన ముఖం మాడ్చుకుని వెళ్లిపోయాడు. ఇంటి మాటకు మన దగ్గర మందు లేదు, బడిలో మాత్రం సాగనివ్వలేదు.

చెవి మిషన్ పెట్టుకునే పిల్లలు, నత్తి ఉన్న పిల్లలు అయితే క్లాసుకి ఏం చెప్పాలో ముందు ఆ పిల్లనీ, వాళ్లమ్మనీ అడగండి. కొందరు అసలేమీ చెప్పొద్దంటారు. మీ బాబు విషయంలోనూ ముందు వాళ్లమ్మతో మాట్లాడి, సోమవారం ఒక్క మాటతో మొదలుపెట్టండి. ఉప్పో, నీళ్లో, ఏదైనా సరే. వాడి వంతు మాత్రం మూడోదో నాలుగోదో అయ్యేలా చూడండి.