మీ ప్రశ్న – మా జవాబు: నిరాయుధీకరణ సంస్థలో ఉద్యోగమా?

ప్రశ్న: నేను అనంతపురంలో ఎం.ఏ. పొలిటికల్ సైన్స్ రెండో సంవత్సరం చదువుతున్నాను. జెనీవాలోని ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ పరిశోధన సంస్థ యూనిడిర్‌లో ఇంటర్న్‌షిప్ చేయాలని ఆశ. మాలాంటి వాళ్లను తీసుకుంటారా, ఖర్చు ఎంతవుతుంది?
– ఒక పాఠకురాలు, అనంతపురం

జవాబు: తీసుకోరని ఎక్కడా లేదమ్మా. కానీ ముందు డబ్బు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే దీని గురించి సలహాలిచ్చే వాళ్లంతా ఆ ఒక్కటి దాటేస్తారు. ఐక్యరాజ్యసమితి సెక్రటేరియట్ ఇంటర్న్‌షిప్పులకు జీతం ఇవ్వదు. టికెట్, వీసా, ఇన్సూరెన్స్, గది అద్దె అన్నీ మనవే. జెనీవా ప్రపంచంలోనే బాగా ఖరీదైన ఊళ్లలో ఒకటి, ఎంత పొదుపుగా ఉన్నా నెలకు లక్ష రూపాయలు సులభంగా దాటుతుంది. నా లెక్కలో ఇది అన్యాయమే, ఇంట్లో స్థోమత ఉన్న పిల్లలే ప్రపంచ శాంతి మీద పని నేర్చుకోవాలన్నట్టు ఉంది. యూనిడిర్ ఐక్యరాజ్యసమితిలోనే ఉన్నా స్వయంప్రతిపత్తి ఉన్న సంస్థ కాబట్టి, వాళ్ల నోటిఫికేషన్‌లో స్టైపెండ్ ఉందా లేదా అన్నది అన్నిటికంటే ముందు చూడండి. ఇంటి నుంచే చేసే వీలుందేమో కూడా చూడండి.

ఇక సంస్థ సంగతి. 1980లో మొదలైంది. ఒప్పందాలు కుదిర్చే పని దానిది కాదు, కుదిర్చే దేశాల ముందు పెట్టాల్సిన పరిశోధన రాయడం దాని పని. అణ్వాయుధాలు, అంతరిక్షం, సైబర్ దాడులు, ఆయుధాల్లో ఏఐ, మందుగుండు నిల్వల భద్రత, ఇలా చాలా ఉన్నాయి. నిధులు ఎక్కువగా దేశాలు స్వచ్ఛందంగా ఇచ్చేవే, అందుకే చాలా ఉద్యోగాలు ప్రాజెక్టుతో మొదలై ప్రాజెక్టుతో ముగుస్తాయి. మన ఇళ్లలో అనుకునే పర్మనెంట్ పోస్టు లాంటిది ఊహించుకోకండి.

సెక్రటేరియట్ ఇంటర్న్‌షిప్పులకు పీజీ చదువుతుండాలి, లేదా డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండాలి, లేదా చదువు పూర్తయి ఏడాది దాటకూడదు. మీకు టైం తక్కువే ఉంది. అయినా ఈ వేసవిలోనే అప్లికేషన్ పడేయాలని టెన్షన్ పడకండి. మీ చేతిలో చూపించడానికి ఏముంది? మార్కుల జాబితా కాదు, మీరు రాసిన నాలుగు పేజీలు కావాలి. వాళ్ల నివేదికలు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి, రెండు మూడు పూర్తిగా చదివి, ఒకదానితో విభేదిస్తూ ఇంగ్లీషులో రాయండి. విషయం కోసం దూరం పోనక్కర్లేదు. ఓర్వకల్లు దగ్గర డీఆర్‌డీఓ రేంజిలో 2025 ఏప్రిల్‌లో డ్రోన్లను కూల్చే లేజర్ ఆయుధాన్ని పరీక్షించారు. అలాంటి ఆయుధాలకు అంతర్జాతీయ నిబంధనలు ఎంతవరకు ఉన్నాయి, ఎక్కడ లేవు అన్నది పక్క జిల్లా అమ్మాయి రాస్తే చదివేవాళ్లకు ఆసక్తి ఉంటుంది. యుద్ధం లేని చోట ఆయుధాలు ఎలా చేతులు మారతాయన్నది మరో విషయం. నాటుబాంబుల కాలం చూసిన మన సీమ పెద్దలను అడిగితే చాలా చెప్తారు, పేర్లు మాత్రం రాయకండి.

జెనీవా కంటే ముందు బెంగళూరు ఉంది, మీకు ఒక రాత్రి బస్సు దూరం కూడా కాదు. అక్కడి నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ స్టడీస్‌లో, ఢిల్లీలోని మనోహర్ పారికర్ రక్షణ అధ్యయన సంస్థలో ఈ విషయాల మీద పని జరుగుతుంది. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే జేఎన్‌యూలో నిరాయుధీకరణ పేరుతోనే ఒక సెంటర్ ఉంది. నేనైతే అక్కడి నుంచే మొదలుపెడతాను.

ప్రశ్న: నేను కర్నూలులో ఈసీఈ మూడో సంవత్సరం. నాకు డ్రోన్లంటే పిచ్చి, ఆయుధ నియంత్రణ మీద పనిచేయాలని ఉంది. మా మామ మాత్రం ‘అది దేశానికి వ్యతిరేకంగా పనిచేయడమే, తర్వాత డీఆర్‌డీఓలో కూడా తీసుకోరు’ అంటున్నాడు. నిజమేనా?
– ఒక విద్యార్థి, కర్నూలు

జవాబు: మామకు కోపం రాకుండా చెప్పండి: జెనీవాలో జరిగే నిరాయుధీకరణ సదస్సులో భారత్ సభ్యదేశం, దానికోసమే అక్కడ మనకు ప్రత్యేకంగా రాయబారి ఉంటారు. 1988లో అణ్వాయుధాల నిర్మూలనకు ఒక కార్యాచరణ ప్రణాళికను ఐక్యరాజ్యసమితి ముందు పెట్టింది మన దేశమే. మన రసాయన ఆయుధాల నిల్వల ధ్వంసం 2009లో పూర్తయింది. అదే సమయంలో అణ్వాయుధ వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద మనం సంతకం చేయలేదు. పరిశోధకుడు ఈ రెండూ తెలిసినవాడై ఉండాలి, ఒక పక్షం తీసుకోమని ఎవరూ అడగరు. డీఆర్‌డీఓ సంగతంటారా, ఏ రక్షణ ఉద్యోగానికైనా వెరిఫికేషన్ ఉంటుంది, విదేశీ సంస్థలో పనిచేస్తే దాని వివరాలు దాచకుండా రాయాలి. ఇంకో మాట, ఈ రంగంలో వ్యాసాలు రాసేవాళ్లు బోలెడుమంది ఉన్నారు, డ్రోన్‌ను విప్పి లోపల ఏముందో చెప్పగలవాళ్లు తక్కువ. కాబట్టి బ్రాంచ్ మార్చకండి. వియన్నాలోని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ తనిఖీదారుల్లో, ది హేగ్‌లోని రసాయన ఆయుధాల నిషేధ సంస్థ వాళ్లలో ఇంజనీర్లు, శాస్త్రవేత్తలు చాలామందే ఉంటారు. ఇంగ్లీషు రాత మీద మాత్రం కష్టపడాలి. ఫ్రెంచ్ కూడా నేర్చుకుంటే ప్లస్సే.

ప్రశ్న: మా పాపకు ఐక్యరాజ్యసమితిలో ఇంటర్న్‌షిప్ ఖాయం చేయిస్తానని ఒకాయన అరవై వేలు అడుగుతున్నాడు, పదివేలు ఇప్పటికే ఫోన్‌లో వేశాను. మిగతాది ఇవ్వొచ్చా సార్?
– ఒక తండ్రి, కడప

జవాబు: ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి. ఐక్యరాజ్యసమితి అప్లికేషన్‌కు గానీ ఇంటర్వ్యూకు గానీ ట్రైనింగ్‌కు గానీ ఫీజు తీసుకోదు, ఏజెంట్లను పెట్టుకోదు. నోటిఫికేషన్లు వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో ఉంటాయి, పాప తానే అప్లై చేసుకోగలదు. లెటర్‌హెడ్ మీద నీలం రంగు ముద్ర చూపించినా నమ్మకండి, అది ఎవరైనా తయారుచేయగలరు. వేసిన పదివేల లావాదేవీ నంబర్, అతను పంపిన మెసేజ్‌లు తుడిపేయకుండా ఉంచుకుని, ఇప్పుడే సైబర్ మోసాల ఫిర్యాదు నంబర్ 1930కి ఫోన్ చేయండి. అతనితో మాత్రం ఈ సంగతి ముందే చెప్పకండి.