కర్ణాటకలో 2013లో బీజేపీ ప్రభుత్వాన్ని గనుల స్కామే ఓడించిందా?

మాది బళ్లారి జిల్లా సండూరు వైపు ఊరు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. గనుల మధ్యే పెరిగాను కాబట్టి ఈ ప్రశ్నకి టీవీ విశ్లేషకుల కన్నా నేనే బాగా చెప్పగలను. "జనం అవినీతిని శిక్షించారు" అని అందరూ రాస్తారు గానీ, అదంతా ఉత్తిదే.

ఇనుప ఖనిజాన్ని అక్రమంగా తవ్వి తరలించిన దోపిడీ సంగతి లోకాయుక్త రిపోర్టు వచ్చాకే మాకు తెలిసిందనుకున్నారా? లారీకి పర్మిట్ ఎంత బరువుకి, వేసే లోడ్ ఎంత అనేది బడికెళ్లే పిల్లోడికి కూడా తెలుసు. పొద్దున ఆరేసిన పంచె సాయంత్రానికి ఎర్రమట్టి రంగులోకి వచ్చేది, హొస్పేట రోడ్డయితే గుంతల మధ్య అక్కడక్కడా తారు, అంబులెన్స్ కూడా లారీల వెనకే పాకాల్సిందే. అయినా 2008లో బీజేపీకి 110 సీట్లొచ్చాయి. ఎందుకంటే అప్పుడు ప్రతి ఇంట్లోకీ ఏదో ఒక దారిన ఆ ఖనిజం డబ్బులు వస్తున్నాయి.

2011 జులై చివరి వారం చూడండి. 27న లోకాయుక్త (అవినీతిపై విచారణ చేసే రాష్ట్ర అధికారి) సంతోష్ హెగ్డే రిపోర్టు, ఖజానాకి 16,085 కోట్ల నష్టమని. 29న సుప్రీంకోర్టు బళ్లారి జిల్లాలో మైనింగే ఆపేసింది. 31న బీజేపీ ముఖ్యమంత్రి యడ్యూరప్ప రాజీనామా. టీవీలో మొదటిదీ చివరిదీ మోగాయి, మా నెత్తిన పడింది మాత్రం మధ్యలోది.

మా చిన్నాయన ఫైనాన్స్‌లో టిప్పర్ తీసుకుని ఉన్నాడు. బండి ఇంటి ముందే నిలబడిపోయింది, టైర్ల చుట్టూ గడ్డి మొలిచింది, కిస్తీలు ఆగాయి, చివరికి ఫైనాన్స్ వాళ్లొచ్చి తోలుకుపోయారు, క్యాబిన్‌లో దేవుడి పటం తీసుకుంటానన్నా ఆగలేదు. 2013 ఎలక్షన్లప్పుడు రూలింగ్ పార్టీ కుర్రోళ్లు కరపత్రాలు పట్టుకుని వస్తే చిన్నాయన అరుగు మీద నుంచి లేవకుండానే "అవన్నీ సరేలే గానీ, నా బండి యాడప్పా?" అన్నాడు. వాళ్లలో ఒకడు "మా నాయన బండీ పోయింది అన్నా" అన్నాడు, అంతే, చెప్పులేసుకుని పక్కింటికి పోయారు. స్కామ్ గురించి ఆ వీధిలో ఎవరూ ఎత్తిందే లేదు.

రాష్ట్రమంతా ఇలాగే అనను, మిగతా చోట్ల పని చేసింది చీలిక. యడ్యూరప్ప బీజేపీ వదిలి కేజేపీ అని సొంత పార్టీ పెట్టాడు, బళ్లారి బీజేపీ నాయకుడు శ్రీరాములు కూడా బయటికొచ్చి బీఎస్‌ఆర్ కాంగ్రెస్ పెట్టాడు, బీజేపీ 40కి పడింది. కాంగ్రెస్‌కి 2008లో దాదాపు 35 శాతం ఓట్లొస్తే సీట్లు 80, 2013లో 36.6 శాతానికి 122. రెండు శాతం కూడా పెరగలేదు, దీన్ని జనాగ్రహం అంటారా ఎవరైనా? స్కామ్ పార్టీని లోపల్నుంచి ముక్కలు చేసింది, అంతవరకు ఒప్పుకుంటా. పైగా బళ్లారి సిటీలో కాంగ్రెస్ తరఫున గెలిచిన అనిల్ లాడ్‌ది కూడా గనుల కుటుంబమే.

శిక్ష అంటున్నారు కాబట్టి ఇంకోటి. 2011 సెప్టెంబర్‌లో అక్రమ మైనింగ్ కేసులో సీబీఐ అరెస్టు చేసిన బళ్లారి గనుల యజమాని, బీజేపీ మాజీ మంత్రి గాలి జనార్దన్ రెడ్డి 2023లో సొంత పార్టీ పెట్టుకుని గంగావతిలో ఎమ్మెల్యే అయ్యాడు, మళ్లీ ఏడాదికల్లా ఆ పార్టీని బీజేపీలోనే కలిపేశాడు. ఓటేసింది జనమే కదా మరి.