గేటు తాళంకప్ప పిక్‌కి ఎందుకు లొంగడం లేదంటే

కొత్త పిక్ సెట్‌తో (చెవి లేకుండా తాళం తీసే సన్నని పుల్లలతో) గేటు తాళంకప్ప మీద కుస్తీ పడుతున్నానని, లోపల ఏమీ కదలడం లేదని రాశారు. తప్పు మీ చేతిది కాదండీ. గుండ్రటి కాడ, చివర రెక్కలా పళ్లు ఉన్న తాళంచెవి అన్నారు కదా, అది లివర్ తాళం, అంటే లోపలి పలకల్ని చెవి పళ్లు ఎత్తితే తెరుచుకునేది. అలీగఢ్ పాతరకం కప్పల్లో ఇవి బాగా కనిపిస్తాయి. మీ పిక్‌లు పిన్ టంబ్లర్ తాళాలకు, అంటే లోపల స్ప్రింగులతో కదిలే చిన్న పిన్నులున్నవాటికి. 1861లో లైనస్ యేల్ జూనియర్ పేటెంట్ తీసుకున్న ఆ రకానికి చెవి చదునుగా, అంచు రంపంలా ఉంటుంది. మూడు నాలుగు పిన్నులున్న అలాంటి చవక ఇత్తడి కప్ప ఒకటి కొనండి.

అసలు కష్టమంతా టెన్షన్ టూల్ దగ్గరే, అంటే చెవి రంధ్రంలో పెట్టి తాళాన్ని తిప్పిపట్టే వంకర పుల్ల దగ్గర. కొత్తవాళ్లు గట్టిగా నొక్కేస్తారు, పిన్నులన్నీ బిగుసుకుపోతాయి. తిప్పీ తిప్పనట్టు వేలు ఆనిస్తే చాలు. లోపలి రంధ్రాలు ఎంత జాగ్రత్తగా తొలిచినా కచ్చితంగా ఒకే వరసలో రావు కాబట్టి ఏదో ఒక పిన్ను ముందు బిగుస్తుంది. హుక్‌తో (కొస వంగిన పిక్‌తో) తట్టి చూసి దాన్ని పట్టుకోండి, మెల్లగా ఎత్తండి. చిన్న టిక్కు వినిపించి, సిలిండర్ (చెవితో పాటు తిరిగే భాగం) వెంట్రుకవాసి కదులుతుంది. అప్పుడు తర్వాత బిగిసినదాన్ని వెతకాలి. ఎటూ తెగకపోతే ఏదో పిన్ను ఎక్కువ ఎత్తేసి ఉంటారు. టెన్షన్ వదిలేసి మళ్లీ మొదలుపెట్టండి.

లోపల కనిపించే ప్లాస్టిక్ ప్రాక్టీస్ తాళం అర్థం చేసుకోవడానికి సరే గానీ, కళ్లు చూస్తుంటే వేళ్లు నేర్చుకోవు.

వాడుకలో ఉన్న తాళాన్ని మాత్రం ముట్టుకోకండి. స్ప్రింగు పాడైతే సొంత చెవికే తెరుచుకోదు. ఇతరుల తాళమైతే వాళ్లు ఒప్పుకుంటేనే. ఇంకోటి, గేటు చెవి ఫొటో ఇక్కడ పెట్టకండి, దాన్ని చూసి నకలు చేయొచ్చు.