‘మీ కోసమే’ అనే మాట ఇంట్లో ఆపెయ్యండి

చి.సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. మన అల్లుడబ్బాయికి డాలస్ ట్రాన్స్‌ఫర్ ఖాయమైందని మీ అమ్మ చెప్పింది. మీ పెద్దపిల్ల నాలుగు రోజులుగా తలుపేసుకుని కూర్చుంటోందనీ, అన్నానికి పిలిచినా పలకట్లేదనీ, "అంతా వాళ్ళ కోసమే కదా పెద్దమ్మా" అనీ నువ్వు ఫోన్లో ఏడ్చావు. ఫోన్లో తేలే సంగతి కాదని ఉత్తరం రాస్తున్నా. ఇక్కడ అమెరికాలో ఒక హైస్కూలు కెఫెటేరియాలో ఏళ్ళ తరబడి పనిచేసినదాన్ని. మన ఊళ్ళ నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు మొదటిరోజు ట్రే పట్టుకుని ఎలా నిలబడిపోతారో నాకు తెలుసు. వాళ్ళ అమ్మానాన్నలు ఆదివారం గుళ్ళో కలిసి "మావాడు భలే సెటిలైపోయాడండీ" అనడమూ తెలుసు.

ముందు ఆ ‘వాళ్ళ కోసమే’ అనే మాట మానెయ్యండి. అది సగమే నిజం. అబ్బాయికి ఉద్యోగంలో పెద్ద మెట్టు, ఫ్లాట్ లోను తీరే దారి, మీ ఇద్దరికీ ఎప్పటినుంచో ఉన్న కోరిక. ఇవన్నీ తప్పేం కాదు. కానీ పదిహేనేళ్ళ పిల్లకి ఇవేవీ తెలియవనుకోకు. పైగా ‘నీ కోసమే’ అని దాని నెత్తిన పెడితే, రేపు ఇక్కడ స్కూల్లో బాగాలేకపోయినా నీతో చెప్పుకోలేదు. చెబితే నువ్వేమంటావో దానికి ముందే తెలుసు కదా. అందుకని ఇద్దరూ కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పండి: "నాన్నకి మంచి అవకాశం వచ్చింది. మేం వెళ్దామనుకున్నాం. నిన్ను అడిగి నిర్ణయం తీసుకోలేదు. నీకు కోపం రావడం న్యాయమే." అంతే. తర్వాత అది మాట్లాడకపోతే మాట్లాడకపోనీ. ఆ కాస్త నిశ్శబ్దం భరించలేక డిస్నీల్యాండూ, ఐఫోనూ అంటూ ఆశలు పెట్టకు. చంటిపిల్లని మభ్యపెట్టినట్టు ఉంటుంది, దానికి ఇంకా మండుతుంది.

వీసా స్టాంపింగ్ అయ్యేదాకా ఎవరికీ చెప్పొద్దని మీ అత్తగారు అన్నారట. దిష్టి భయం నాకూ ఉంది, కాదనను. చుట్టాలకి చెప్పకండి. కానీ పెద్దదాన్ని తన స్నేహితులకి చెప్పుకోనివ్వండి. స్నేహితుల దగ్గర దాచమంటే, వాళ్ళతో గడపాల్సిన ఆఖరి నెలలన్నీ దానికి అబద్ధాలతోనే గడిచిపోతాయి. వీడ్కోలు సరిగ్గా జరగని పిల్లలు ఇక్కడికొచ్చి ఎంతకాలానికీ కుదురుకోలేకపోవడం చూశాను.

ఇక అసలు సంగతి. ఆ పిల్ల ఏం పోగొట్టుకుంటోందో మీరు సరిగ్గా లెక్క వేసుకోలేదు. అమెరికా అంటే స్వేచ్ఛ అని మీరనుకుంటున్నారు. దానికి ఇప్పుడున్న స్వేచ్ఛ ఏమిటి? కేపీహెచ్‌బీలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగుతుంది, స్నేహితులతో పానీపూరీ తిని, ఏడింటికి ఇల్లు చేరుతుంది. నిన్ను దింపమనదు, తెమ్మనదు. ఇక్కడ మేముండే శివార్లలో పాలప్యాకెట్‌కి కూడా కారు తియ్యాలి. జూలైలో మధ్యాహ్నం 38, 40 డిగ్రీల ఎండలో రోడ్డు మీద నడిచే మనిషి కనబడడు. చాలాచోట్ల స్కూలు రెండు మైళ్ళ లోపు ఉంటే బస్సు కూడా ఇవ్వరు. పదిహేనేళ్ళ పిల్ల మళ్ళీ ఐదేళ్ళ పిల్ల అయిపోతుంది, అన్నిటికీ "నాన్నా, దింపు" అనాలి. దీనికి ఒక్కటే మందు. డాలస్ ఉన్న టెక్సస్ రాష్ట్రంలో పదిహేనేళ్ళకే డ్రైవర్ ఎడ్యుకేషన్ క్లాసులో చేరి లెర్నర్ లైసెన్సు తీసుకోవచ్చు, పదహారుకి ఒంటరిగా నడిపే లైసెన్సు వస్తుంది. ఇన్సూరెన్సు మోత మోగుతుంది, అయినా సరే. వచ్చిన మొదటి నెలలోనే ఆ క్లాసులో చేర్పించండి. "ఆడపిల్ల, ఇప్పుడే ఎందుకు" అని అబ్బాయి అంటాడు. నా మాటగా చెప్పు.

స్కూలు గురించి దానికి ముందే ఒక విషయం చెప్పాలి. మన దగ్గర సెక్షన్ అంటే ఒక గది, అవే ముఖాలు, టీచర్లే వచ్చిపోతారు. ఏం చెయ్యకపోయినా పక్క బెంచీ పిల్ల స్నేహితురాలైపోతుంది. ఇక్కడ హైస్కూల్లో టీచర్లు గదుల్లో ఉంటారు, పిల్లలు తిరుగుతారు. బెల్లు కొట్టగానే వేల మంది కారిడార్లలో పరుగు, ప్రతి పీరియడ్‌కీ కొత్త ముఖాలు. పక్కన కూర్చున్న పిల్ల "హాయ్" అంటుంది, నవ్వుతుంది, బెల్లు కొడితే వెళ్ళిపోతుంది. మన పిల్ల అది స్నేహమనుకుని మర్నాడు వెతుక్కుంటుంది. అంతకన్నా కష్టం లంచ్. అరగంటే ఉంటుంది, ఎక్కడ కూర్చోవాలో ఎవరూ చెప్పరు. నేను కౌంటర్ వెనక నుంచి చూస్తూ ఉండేదాన్ని. ఒకమ్మాయి, మన వైపు పిల్లే, పులిహోర డబ్బా మూత సగం తీసి, వాసన ఎవరికైనా తగిలిందేమోనని అటూ ఇటూ చూసి, మళ్ళీ నొక్కేసి బ్యాగులో పెట్టేది. తర్వాత లైబ్రరీలోకి వెళ్ళిపోయేది. సాయంత్రం వాళ్ళమ్మ "తినలేదేం" అని తిట్టి ఉంటుంది. నువ్వు మాత్రం డబ్బా నిండుగా తిరిగొస్తే వంట గురించి అడగకు, "ఎవరితో కూర్చున్నావు" అనీ అడగకు. ఆ ప్రశ్నకి రోజూ "ఎవరితోనూ కాదు" అని చెప్పాల్సి రావడం దానికి నరకం. ఇంటికి రాగానే వేడిగా ఏదో ఒకటి పెట్టు. తింటూ తనే చెబుతుంది, చెప్పినప్పుడు విను. కారులో పక్కపక్కన కూర్చున్నప్పుడు పిల్లలు ఎక్కువ మాట్లాడతారు, ఎదురెదురుగా కూర్చోబెడితే నోరు విప్పరు.

ఈ లంచ్ బాధ తీరాలంటే స్కూల్లో దానికొక గుంపు దొరకాలి. క్లాసులో దొరకదు, క్లబ్బుల్లో, కోయిర్‌లో (అంటే బృందగానం), థియేటర్‌లో, ఆటల్లో దొరుకుతుంది. ఏళ్ళుగా వాయిద్యం నేర్చుకున్న పిల్లలుండే బ్యాండ్‌లో కొత్తగా చేరడం కష్టం కానీ, కోయిర్‌లోనూ, నాటకాలకి తెర వెనక పనిచేసే బృందంలోనూ ఏమీ రానివాళ్ళని కూడా చేర్చుకుంటారు. అక్కడ రోజూ అవే ముఖాలు, సాయంత్రం దాకా కలిసి పని. కాలేజీ అప్లికేషన్‌కి పనికొస్తుందా అని మాత్రం ఇప్పుడు లెక్క వెయ్యకండి. మనవాళ్ళు దిగిన వారానికే రోబోటిక్స్, డిబేట్, కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్ష కోచింగ్ అని పిల్లల్ని ఊపిరాడనివ్వరు.

ఏ తరగతిలో వెయ్యాలన్నది మీరు స్కూలు కౌన్సెలర్‌తో నింపాదిగా మాట్లాడాలి. టెన్త్ అయిపోయింది కాబట్టి నేరుగా 11లో వేస్తే ఏడాది కలిసొస్తుందని అబ్బాయికి ఆశ ఉంటుంది. నా సలహా, 10లో వెయ్యండి. ఇక్కడ 11లోనే అమెరికా చరిత్ర, శాట్, ఆ వెంటనే కాలేజీ దరఖాస్తులు మీద పడతాయి. ఎండార్స్‌మెంట్‌తో, అంటే ఎంచుకున్న ఒక రంగం సబ్జెక్టులతో, హైస్కూలు పూర్తికావడానికి టెక్సస్‌లో 26 క్రెడిట్లు కావాలి; సబ్జెక్టు పూర్తిచేస్తే వచ్చేదే క్రెడిట్. 9, 10 తరగతుల మార్కుల మెమోలు, సిలబస్ కాగితం మీ స్కూలు లెటర్‌హెడ్ మీద తెస్తే అక్కడి చదువు చూసి కొన్ని క్రెడిట్లు ఇస్తారు. దాన్నిబట్టి కౌన్సెలర్ చెబుతారు. ఆ మాటలు జరిగేటప్పుడు పెద్దదాన్ని పక్కన కూర్చోబెట్టుకోండి, ఏ సబ్జెక్టులు తీసుకోవాలో దాన్నే ఎంచుకోనివ్వండి. అమెరికా రావాలా వద్దా అన్నది దాని చేతిలో లేదు. ఇదైనా ఉండాలి.

అడ్మిషన్ కాగితాల్లో ఇంట్లో ఏ భాష మాట్లాడతారని అడుగుతారు. తెలుగని రాస్తే ఇంగ్లీషు పరీక్ష పెడతారు. కొందరు పిల్లలకి అది పరువు తక్కువలా తోస్తుంది, ముఖ్యంగా ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళకి. ముందే చెప్పి పెట్టు, అది రూలు, దాన్ని తక్కువ చెయ్యడం కాదు. టీకాల కాగితం కూడా తేదీలతో సహా మీ పిల్లల డాక్టరు దగ్గర రాయించుకో. హెపటైటిస్-ఎ రెండు డోసులు, చికెన్‌పాక్స్ రెండు డోసులు, ఏడో తరగతి నుంచి మెనింజైటిస్ టీకా ఇక్కడ తప్పనిసరి. మనవాళ్ళకి సాధారణంగా తక్కువపడేవి ఇవే. అవి లేక పిల్ల మొదటిరోజు ఆఫీసు బయటే ఆగిపోతే ఏం బాగుంటుంది?

చిన్నాడి గురించి నాకు అంత బెంగ లేదు. పన్నెండేళ్ళు, బంతి ఎక్కడుంటే వాడు అక్కడే. ఒక్కటే, వాడు నెల తిరక్కుండా యాస మార్చేస్తాడు, పెద్దది మార్చలేదు. ఇద్దర్నీ పోల్చకండి. "చూడు తమ్ముడు ఎంత బాగా కలిసిపోయాడో" అనే మాట చాలు, అక్కాతమ్ముళ్ళ మధ్య గోడ కట్టడానికి.

ఫోన్ సంగతి. ఎండాకాలంలో మీకూ మాకూ పదిన్నర గంటల తేడా, చలికాలంలో గడియారం మారాక పదకొండున్నర. హైదరాబాద్‌లో పిల్లలు ఖాళీగా ఉండే సాయంత్రం ఏడు ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర, అంటే స్కూలు వేళ. కాబట్టి కాల్ చెయ్యాలంటే అది అర్ధరాత్రి దాకా మేలుకుంటుంది. నిషేధించకండి, ఒక వేళ కుదర్చండి. ఇక్కడ శుక్రవారం రాత్రి తొమ్మిదిన్నర అంటే అక్కడ శనివారం పొద్దున ఎనిమిది. ఆ రాత్రి దానిది, పన్నెండైనా లేపకు, అరవకు. ఇంకో మాట కూడా చెబుతాను, ఇది ఎవరూ చెప్పరు. కొన్ని నెలలకి ఆ కాల్స్ తగ్గిపోతాయి. అక్కడి స్నేహితులు ఇంటర్‌లో పడతారు, కొందరు హాస్టళ్ళలో, ఫోన్లు కూడా ఉండవు. వాట్సాప్ గ్రూపు మూగబోతుంది. అప్పటికి మీరు "అంతా సర్దుకుంది" అనుకుంటూ ఉంటారు, అప్పుడే పిల్ల రెండోసారి కుంగుతుంది. సంక్రాంతి అప్పుడు మామూలుగా స్కూలుంటుంది, ఆ రోజు మరీ. ఆ రోజుల్లో కాస్త కనిపెట్టుకుని ఉండు.

కొంచెం దిగులు వేరు, ప్రమాదం వేరు. వారాల తరబడి నిద్ర లేకపోవడం, తిండి మానెయ్యడం, ఇష్టమైనవన్నీ వదిలెయ్యడం, "నేను లేకపోతే మీకే నయం" లాంటి మాట నోటివెంట రావడం, వీటిలో ఏది కనబడినా నలుగురూ ఏమనుకుంటారో అని ఆగకండి. పిల్లల డాక్టరుకి చెప్పండి, స్కూలు కౌన్సెలర్‌కి చెప్పండి. ఇలాంటి కష్టంలో ఉన్నవాళ్ళకి సాయం చేసే 988 అనే నంబరుకి రాత్రీపగలూ ఎప్పుడైనా ఫోన్ చెయ్యొచ్చు, మెసేజ్ పెట్టొచ్చు. ఫ్రిజ్ మీద రాసి పెట్టు, ఎవరి కోసమని చెప్పక్కర్లేదు.

వీసా నిజాలు కూడా దాని దగ్గర దాచకండి. అబ్బాయిది కంపెనీ బదిలీ మీద ఇచ్చే ఎల్-1, నువ్వూ పిల్లలూ దాని మీద ఆధారపడిన ఎల్-2. దేశంలో దిగినప్పుడు నమోదయ్యే ఐ-94 కాగితంలో నీకు ఎల్-2ఎస్ అని పడితే నువ్వు ఉద్యోగం చెయ్యొచ్చు. పిల్లలు చెయ్యకూడదు. పదహారేళ్ళు రాగానే క్లాసులో పిల్లలు ఐస్‌క్రీమ్ షాపుల్లో, పిజ్జా షాపుల్లో చేరతారు, మన పిల్ల చేరలేదు. స్నేహితుల ముందు నీళ్ళు నమలాల్సిన పరిస్థితి రాకుండా ఇప్పుడే తెలియాలి. ఎల్-1 ఏ రకమైందన్నదాన్నిబట్టి మీకు ఉండనిచ్చేది ఐదేళ్ళో ఏడేళ్ళో. అదీకాక 21 నిండితే పెద్దదానికి మీ వీసాతో సంబంధం తెగిపోతుంది, తన స్టూడెంట్ వీసా తను చూసుకోవాలి. ఈ లెక్క దానికి ఇప్పుడే తెలిస్తే కాలేజీ గురించి తనే ఆలోచించుకుంటుంది. దాచిపెట్టి పద్దెనిమిదేళ్ళప్పుడు చెబితే మిమ్మల్ని మళ్ళీ నమ్మదు.

నువ్వు కూడా ఉద్యోగం వెతుక్కో, లేదా డ్రైవింగ్ అయినా నేర్చుకో. బ్యాంకుకీ, డాక్టరుకీ పిల్లని వెంటేసుకుని తిరిగి, దానితో మాట్లాడించే అమ్మలు ఇక్కడ చాలామంది ఉన్నారు. వాళ్ళ ఒంటరితనం కూడా పిల్లే మొయ్యాల్సి వస్తుంది.

సామాను. చాలా విమానాల్లో మనిషికి 23 కిలోల సూట్‌కేసులు రెండు. ఒకటి పూర్తిగా పెద్దదానిది, అది ఏం సర్దుకున్నా అడగకు. ఆవకాయ సీసా దాంట్లో దూర్చకు, పచ్చళ్ళు ఇక్కడ దొరుకుతాయి. టికెట్లు జూన్‌లో వద్దు. స్కూళ్ళు ఆగస్టు మధ్యలో తెరుస్తారు, జూన్‌లో వస్తే రెండు నెలలు ఎవరూ తెలియని అపార్ట్‌మెంట్‌లో ఏసీ కింద గోడలు చూస్తూ కూర్చోవాలి. జూలై మూడో వారం చాలు. అడ్మిషన్‌కి ఇంటి అద్దె కాగితం అడుగుతారు కాబట్టి అబ్బాయి ఓ నెల ముందొచ్చి ఇల్లు చూసుకుంటే మంచిది.

అన్నిటికన్నా తొందరైన పని ఒకటుంది. పిల్లల పాస్‌పోర్టులు తీసి చూడు. ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద ఆ పేరుని ఇంటిపేరుగా వేసి, అసలు పేరు చోట ఎఫ్ఎన్‌యూ అని కొడతారు. పేరు తెలియదని దాని అర్థం. స్కూలు రికార్డులూ అలాగే ఎక్కుతాయి, మొదటిరోజు హాజరులో టీచరు దాన్నే చదువుతారు, క్లాసంతా నవ్వుతుంది. అపాయింట్‌మెంట్ దొరకడానికే సమయం పడుతుంది, అందుకని వీసా దరఖాస్తు పెట్టకముందే పాస్‌పోర్టు ఆఫీసులో సరిచేయించండి.

ఇట్లు,
మీ పెద్దమ్మ