శబ్దం తీసేసి చూడండి

ప్రశ్న: మా అబ్బాయి రిచర్డ్ ప్రయర్ అనే అమెరికా హాస్యనటుడి ప్రదర్శన చూపించాడు. మనిషి ఒక్కడే మైకు పట్టుకుని గంటకు పైగా మాట్లాడాడు, జనం పగలబడి నవ్వారు. నాకు ఆ ఇంగ్లీషు సగం కూడా అందలేదు. పైగా తనకు గుండెపోటు వచ్చిన సంగతి చెప్పి నవ్విస్తున్నాడు. అందులో నవ్వడానికి ఏముంది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కందుకూరు

జవాబు: మాస్టారూ, మీరు చూసింది 1978 డిసెంబరులో కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్‌లో తీసింది. మరుసటి ఏడాది సినిమా హాళ్లలో ఆడింది. అమెరికాలో కలకాలం భద్రపరచవలసిన సినిమాల జాబితాలోకి 2021లో ఎక్కింది కూడా. అయినా అతని ఇంగ్లీషు నాకూ సగమే అందుతుంది. అందుకే నేను కనిపెట్టిన చిట్కా చెబుతాను: గుండెపోటు ఘట్టం వచ్చేసరికి శబ్దం పూర్తిగా తీసేయండి.

పిడికిలి బిగించి ఛాతీకి ఆనించి మెలితిప్పుతాడు. ఆ పిడికిలే గుండె. ఊపిరి పీల్చవద్దని అది గదమాయిస్తుంది. ఇతను సరేనంటాడు, బతిమాలుకుంటాడు, మోకాళ్ల మీదకు దిగిపోతాడు, చివరికి వేదిక మీద పడి కొట్టుకుంటాడు. పంది మాంసం లాగించినప్పుడు చావు గుర్తురాలేదా అని గుండె నిలదీస్తుంది. తిట్టేదీ తిట్లు తినేదీ ఒక్కడే. మన హరిదాసు ఒక్క గజ్జెకాలితో రాముడూ శూర్పణఖా రెండూ అయినట్టే. 1977లో అతనికి నిజంగానే గుండెపోటు వచ్చింది.

మా పెద్దనాన్నకు రెండు స్టెంట్లు వేశారు. ఆయనకు వచ్చిన ఇంగ్లీషు బీపీ, షుగరు, బిల్లు. శబ్దం లేకుండానే చూపించాను. పిడికిలి తిరిగిన చోట ఆయన చెయ్యి చొక్కా జేబు మీదకు పోయింది. కళ్లజోడు వెతుక్కుంటున్నారనుకున్నాను, ఛాతీ తడుముకుంటున్నారు. ఆ తర్వాత దగ్గు వచ్చేదాకా నవ్వారు. "వీడికి వచ్చిందిరా, వచ్చినవాడే ఇలా చేస్తాడు" అన్నారు. కాసేపాగి, "దవడ కూడా లాగుతుంది, అది మరిచిపోయాడు" అని తప్పు పట్టారు. మీ ప్రశ్నకు ఆయన కంటే బాగా నేను జవాబు చెప్పలేను.

ప్రశ్న: అదే ప్రదర్శనలో నాయనమ్మ తనను కొట్టిన సంగతి చెబుతాడు. పిల్లల్ని కొట్టడం వేడుకా?
– గృహిణి, ఒంగోలు

జవాబు: కాదమ్మా. కానీ అక్కడ దెబ్బల కంటే నడకను చూడండి. కొట్టడానికి బరికె తెచ్చుకొమ్మని ఆవిడ పిల్లవాణ్ణే చెట్టు దగ్గరకు పంపుతుంది. వాడు వెళ్లి విరుచుకుని, ఆకులు దూసుకుంటూ, ఇల్లు దగ్గరపడే కొద్దీ దెబ్బ పడకముందే ఏడుపు లంకించుకుంటాడు. చింతబరికె నేనూ తెచ్చుకున్నాను. సన్నదైతే చురుక్కుమంటుంది, లావుదైతే కములుతుంది. చెట్టు కింద నిలబడి ఆ లెక్క వేసుకున్న పిల్లవాడికి లోకంలో తనంత ఏకాకి లేడనిపిస్తుంది. ప్రయర్ పెరిగిన పియోరియా ఎక్కడ, మా పెరట్లో చెట్టు ఎక్కడ! కొట్టిన చెయ్యిని అతను వెనకేసుకురాలేదు, బరికె తెచ్చిన పిల్లవాడి పక్కనే నిలబడ్డాడు. నాకు అలాగే కనిపించింది. మీకు నవ్వు రాకపోతే బలవంతం లేదు.

ప్రశ్న: వినాయకచవితి పందిట్లో నేనూ ఇలా ఒంటరిగా నిలబడి నవ్వించాలనుకుంటున్నాను. సలహా ఇవ్వండి.
– డిగ్రీ విద్యార్థి, కావలి

జవాబు: బాబూ, మొదట నా పరాభవం విను. నెల్లూరు టౌన్ హాలులో ఒకసారి మన జిల్లా రమణారెడ్డిగారి గొంతు అనుకరించాను. ముందు వరుసలో ఒకాయన వేరుశనగకాయలు ఒలుస్తున్నాడు, చిటుక్, చిటుక్. నేను చూడనట్టు నటించి, ఇంట్లో బట్టీ పట్టిందంతా అప్పజెప్పాను. హాలంతా ఆ పెద్దమనిషినే చూసింది, నన్ను చూడలేదు.

ప్రయర్ వేదిక ఎక్కేసరికి విరామం నుంచి తిరిగివచ్చేవాళ్లు ఇంకా కుర్చీలు వెతుక్కుంటున్నారు. అతను ఆగలేదు, కోప్పడలేదు. లేచి వెళ్లిన తెల్లవాళ్ల కుర్చీల్లో నల్లవాళ్లు కూర్చున్నారని వాళ్లనే ఆట పట్టించాడు. ఆ తడబాటంతా సినిమాలో అలాగే ఉంచారు. నేను కూడా ఆ వేరుశనగకాయల దగ్గరే మొదలుపెట్టవలసింది.

పందిట్లో నీకు ప్రసాదం కోసం తోసుకునేవాళ్లుంటారు, మైకు లాక్కునే పిల్లలుంటారు, మధ్యలో కరెంటు పోతుంది. అవన్నీ నీ సరుకే. ప్రయర్ నోటి బూతులు మాత్రం అక్కడే వదిలెయ్యి, వాటిని చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి. ఇంకొకటి, జనం మీద లైట్లు ఆర్పవద్దని పందిరివాళ్లకు ముందే చెప్పు. ఎవరు ఏమి ఒలుస్తున్నారో నీకు కనబడాలి.