పెయింటింగ్ షెడ్డులో పని, రాత్రిళ్లు దగ్గు: బాబుని పని మార్పించాలా?

కూకట్‌పల్లి నుంచి ఒక అమ్మ అడిగారు: మా బాబుకి 20 ఏళ్లు, ఇంటర్ అయ్యాక బాలానగర్‌లో కార్ల డెంటింగ్ పెయింటింగ్ షెడ్డులో చేరి 14 నెలలైంది. పెయింట్ కొట్టే స్ప్రే గన్ పట్టడం బాగా వచ్చింది, దుబాయ్ ఏజెంట్ కూడా అడుగుతున్నాడు. మూడు నెలల నుంచి రాత్రిపూట దగ్గు, పిల్లికూతలు. ఎక్స్‌రే క్లియర్, డస్ట్ అలర్జీ అన్నారు. సంక్రాంతికి ఊరెళ్తే పది రోజులు దగ్గలేదు. ఇన్హేలర్ వాడుతూ కొనసాగమంటారా?

అమ్మా, ఆ సంక్రాంతి మాట మీరు ఊరికే రాశారేమో గానీ నాకు అదే అన్నిటికంటే పెద్ద విషయం. డస్ట్ అలర్జీ అయితే ఊళ్లో దుమ్ము లేదా ఏంటి? పనికి దూరంగా ఉంటే తగ్గి, మళ్లీ వెళ్తే మొదలవుతుందంటే ముందు అనుమానించాల్సింది పనినే. నేను డాక్టర్ని కాదు, కానీ ఈ పెయింటింగ్ పిల్లల్ని చాలామందిని చూశా.

బాబుని ఒకసారి క్లియర్ కోట్‌లో (పైన కొట్టే మెరుపు పూత) గట్టిపడటానికి కలిపే హార్డెనర్ డబ్బా ఫోటో తీసుకురమ్మనండి. చిన్న అక్షరాల్లో ఐసోసయనేట్ అనే రసాయనం పేరు సాధారణంగా ఉంటది. భోపాల్‌లో 1984లో లీకైంది కూడా ఐసోసయనేటే, కానీ అది వేరే రకం, కంగారు పడకండి. ఈ హార్డెనర్‌తో సమస్య ఏంటంటే కొందరికి నెలలో సంవత్సరాలో పీల్చాక ఒంట్లో అలర్జీ తయారవుతది, ఒకసారి తయారయ్యాక కొంచెం తగిలినా చాలు ఊపిరితిత్తుల్లో గొట్టాలు బిగుసుకుపోతాయి, అదే ఆస్తమా. పక్కన చేసేవాడు పదేళ్లుగా బాగానే ఉన్నాడు కదా అంటారు ఓనర్లు, వాడికి పడింది మీవాడికి పడలేదు, అంతే. పైగా ఇది చాలాసార్లు పనిలో ఉండగా కాదు, కొన్ని గంటలాగి ఇంటికొచ్చాక రాత్రి పట్టుకుంటది, అందుకే షెడ్డు మీద అనుమానం రాదు. మూతికి కర్చీఫ్ కట్టినా, మెడికల్ షాపు మాస్క్ పెట్టినా ఆ ఆవిరి ఆగదు. ఘాటుగా కొట్టే వాసన థిన్నర్‌ది, దీని వాసన తెలిసేలోపే మోతాదు దాటిపోయి ఉంటది.

రేపే మానిపించేయకండి. ముందు ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రిలోనో, ఇంకెక్కడైనా ఊపిరితిత్తుల డాక్టర్ దగ్గరో చూపించి, ఏం పని చేస్తాడో, ఏ డబ్బా వాడతాడో నోటితో చెప్పండి, వాళ్లంతట వాళ్లు అడుగుతారని కూర్చోకండి. ఆస్తమా ఎక్స్‌రేలో కనపడకపోవచ్చు. పీక్ ఫ్లో మీటర్ అని ఊదే చిన్న గొట్టం ఉంటది, దాంతో రోజుకి కనీసం నాలుగుసార్లు, రెండు నుంచి నాలుగు వారాలు, సెలవు రోజుల్లో కూడా ఊది నోటుబుక్కులో రాయిస్తారు, పనికీ దీనికీ లింకు ఉందో లేదో అందులో బయటపడతది. పని మానేశాక అది తేల్చడం కష్టం. ఊపిరాడని పరిస్థితి వస్తే మాత్రం రీడింగులూ గీడింగులూ పక్కన పెట్టి ఆసుపత్రికే. జీతంలో ఈఎస్‌ఐ కట్ అవుతుందేమో కూడా చూడండి, పదిమంది గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉన్న షెడ్డు, జీతం 21,000 లోపు అయితే ఉండాలి, ఉంటే సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆసుపత్రి మీకు దగ్గరే.

తేలాక కెరీర్ మాట. ఇన్హేలర్ వేసుకుంటూ గన్ పట్టడం మాత్రం వద్దమ్మా. తొందరగా బయటపడితే బాగయ్యే అవకాశం ఎక్కువ, లాగే కొద్దీ పని మానినా జబ్బు ఉండిపోతది. దుబాయ్‌లోనూ అవే డబ్బాలు, అక్కడ వీసా మీదున్నాక పని మారడం ఇక్కడంత తేలిక కాదు, ఏజెంట్‌కి అడ్వాన్స్ ఇవ్వకండి. ఓనర్ "సరే, పుట్టీ పని చెయ్‌లే" అంటే ఒప్పుకోకండి, అదే షెడ్డులో అదే గాలి కదా. సోఫా ఫోమ్ తయారీ, ఫర్నిచర్‌కి కొట్టే పీయూ (పాలీయూరెథేన్) పాలిష్, వీటిల్లోనూ ఐసోసయనేట్లే, అటు పోనివ్వకండి.

14 నెలలు వేస్ట్ అని బాధపడకండి. బండి చూసి ఎక్కడ ఎంత దెబ్బ తగిలిందో, ఎంత ఖర్చవుతుందో చెప్పే కన్ను వచ్చేసి ఉంటది వాడికి, షోరూముల్లో సర్వీస్ అడ్వైజర్‌కి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ ఎస్టిమేట్లు వేసేవాళ్లకి కావాల్సింది అదే. కూర్చునే చోటు పెయింట్ బూత్ పక్కన కాకుండా చూసుకుంటే చాలు. చదువుతానంటే ఐటీఐలో మోటార్ మెకానిక్ రెండేళ్లు, పదో తరగతి మెమో తీసి పెట్టుకోండి.