పానా నంబరు వేరు, బోల్టు నంబరు వేరు

వాహనాల శీర్షికకు ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కారు బాడీ బోల్టుల బిగింపు గురించినవే ఎక్కువగా ఉన్నాయి. అందువల్ల ఈ సంచికలోని స్థలాన్ని వాటికే కేటాయిస్తున్నాం.

ప్రశ్న: మా చిన్న కారు గోడకు రాసుకోవడంతో ముందువైపు ఎడమ ఫెండరు (చక్రం పైనుండే రేకు) మార్పించాను. షెడ్డు నుంచి తెచ్చుకున్న మర్నాటి నుంచే గతుకుల్లో అది అదురుతున్న చప్పుడు వస్తోంది. నేనే బిగించుకుందామని టార్క్ రెంచ్ (పెట్టిన కొలతకు బిగింపు చేరగానే క్లిక్కుమనే పానా) కొన్నాను. ఎక్కడో ఒక పట్టికలో ‘10 సైజు బోల్టుకు 50 న్యూటన్ మీటర్లు’ (తిప్పుడు బలానికి కొలత) అని చూసి, పదో నంబరు పానా పట్టే ఫెండరు బోల్టుకు అదే కొలత పెట్టాను. రెంచ్ క్లిక్కుమనక ముందే బోల్టు తల ఊడి సాకెట్లో ఉండిపోయింది. లోపం రెంచ్‌దా, బోల్టుదా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: రెండింటిదీ కాదు. మీరు చూసిన పట్టిక కూడా తప్పు కాదు. పట్టికలో ఉన్న 10 బోల్టు కాడ మందం, అంటే ఎం10 బోల్టు. మీ చేతిలో ఉన్న పదో నంబరు పానా కొలిచేది కాడను కాదు, తలను. పదో నంబరు పానా పట్టే బోల్టు కాడ మందం సాధారణంగా 6 మిల్లీమీటర్లే ఉంటుంది, దాన్ని ఎం6 అంటారు. మన రోడ్ల మీద తిరిగే జపాన్ తరహా కార్లలో ఎం8 బోల్టుకు పన్నెండో నంబరు, ఎం10కి పద్నాలుగో నంబరు, ఎం12కి పదిహేడో నంబరు పానా పడుతుంది. ఐరోపా తరహా కార్లలో ఎం8కి పదమూడో నంబరు వస్తుంది. షెడ్లలో బోల్టును పానా నంబరుతోనే పిలవడం అలవాటు కాబట్టి ఈ పొరపాటు మీ ఒక్కరిదే కాదు. తల మీద 8.8 అని ముద్ర ఉన్న మామూలు ఉక్కు బోల్టులకు ఎం6 అయితే సుమారు 10, ఎం8 అయితే సుమారు 25, ఎం10 అయితే సుమారు 50 న్యూటన్ మీటర్లు వాడుకలో ఉన్న కొలతలు. ఎం6 బోల్టు 50లో సగానికి చేరకముందే తెగిపోతుంది. మీ రెంచ్ క్లిక్కుమనే అవకాశమే రాలేదు.

ఇక్కడ అసలు విషయం ఒకటి చెప్పాలి. బోల్టు పట్టి ఉంచేది మరలు ఇరుక్కుపోవడం వల్ల కాదు, కాడ కొద్దిగా సాగడం వల్ల. బిగిస్తున్నప్పుడు కాడ కంటికి కనబడనంత సాగి, మళ్లీ ముడుచుకోవాలని ప్రయత్నిస్తూ, రెండు రేకులనూ కలిపి నొక్కిపెడుతుంది. పొడిగా ఉన్న ఎం6 బోల్టును 10 న్యూటన్ మీటర్లకు బిగిస్తే, చిటికెన వేలంత మందం కూడా లేని ఆ కాడ దాదాపు ఎనిమిది క్వింటాళ్ల బరువుతో సమానమైన బలంతో రేకులను నొక్కుతుంది. బిగింపు తక్కువైతే కాడ సాగదు, రేకులు ఒకదానిమీద ఒకటి జరిగి చప్పుడు చేస్తాయి, బోల్టు తనంతట తానే వదులవుతుంది. ఎక్కువైతే కాడ మళ్లీ ముడుచుకోలేనంతగా సాగిపోతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా పట్టు పెరగదు. అటువంటి బోల్టు చేతికి ‘మెత్తగా’ తగులుతుంది. ఆ మెత్తదనం తెలిసినప్పుడు ఇంకో అర చుట్టు వేయాలనిపించడం సహజం, కానీ అప్పుడే ఆపి బోల్టు మార్చాలి.

అయితే మనకు కావలసినది సాగు, టార్క్ రెంచ్ కొలిచేది మాత్రం తిప్పుడు బలం. మనం పెట్టే బలంలో నూటికి సుమారు తొంభై పాళ్లు తల కింద రాపిడికీ, మరల మధ్య రాపిడికీ ఖర్చయిపోయి, పది పాళ్లు మాత్రమే కాడను సాగదీయడానికి మిగులుతాయి. కాబట్టి రాపిడి మారితే అదే అంకెకు వేరే ఫలితం వస్తుంది. మరలకు నూనె గానీ గ్రీజు గానీ రాసి, పొడి బోల్టుకు చెప్పిన అంకెకే బిగిస్తే సాగు మూడోవంతు దాకా పెరగవచ్చు. మీది సముద్రపు గాలి తగిలే ఊరు కాబట్టి మీ విషయంలో దీనికి వ్యతిరేకంగా జరిగే ప్రమాదమే ఎక్కువ. తుప్పు పట్టిన మర బలమంతా తానే తినేసి, రెంచ్ క్లిక్కుమన్నా రేకులను వదులుగానే ఉంచుతుంది. వైరు బ్రష్షుతో మరలు శుభ్రం చేసి, బోల్టు వేళ్లతోనే చివరిదాకా ఎక్కుతోందో లేదో చూసుకోకుండా రెంచ్ పెట్టడం వల్ల ప్రయోజనం లేదు. వేళ్లతో ఎక్కని బోల్టును పానాతో ఎక్కిస్తే మర అడ్డం పడుతుంది. కంపెనీ పుస్తకం ఫలానా బోల్టుకు నూనె రాయమని చెబితే తప్ప, బాడీ బోల్టులను పొడిగానే బిగించాలి.

మీరు కొన్న రెంచ్ ఎంత వరకు కొలుస్తుందో రాయలేదు గానీ, మొదటిసారి కొనేవారు ఎక్కువగా చక్రాల నట్లకు పనికొచ్చే అర అంగుళం రెంచ్ (సాకెట్ తొడిగే చదరపు కొస మందం అర అంగుళం) కొంటారు. 200 న్యూటన్ మీటర్ల దాకా కొలిచే ఆ రెంచ్‌తో ఎం6 బోల్టు బిగించడం బియ్యం బస్తాలు తూచే కాటా మీద ఉంగరం తూచడమే. ఏ రెంచ్‌నైనా దాని పూర్తి కొలతలో అయిదో వంతుకు తక్కువగా వాడకూడదు. ఫెండరు, బంపరు, బానెట్ తాళం వంటి చోట్లకు 5 నుంచి 25 దాకా కొలిచే పావు అంగుళం రెంచ్ సరిపోతుంది. అది లేకపోతే మామూలు పానా చాలు. పదో నంబరు పానాను జానెడు కూడా లేకుండా పొట్టిగా చేసింది ఊరికే కాదు. 15 సెంటీమీటర్ల చేతిపిడి చివర ఏడు కిలోల బలం పెడితే సుమారు 10 న్యూటన్ మీటర్లు వస్తాయి, మణికట్టుతో గట్టిగా లాగితే వచ్చే బలం అదే. పానాకు పైపు తొడిగి లాగేవారు, తయారీదారు చేసిన ఆ ఏర్పాటును చేజేతులా పాడుచేసుకుంటున్నారు.

ఇప్పుడు ఆ తెగిన బోల్టు సంగతి. తల పోయింది కాబట్టి మిగిలిన కాడ మీద బిగువు లేదు. ఫెండరు తీశాక కాడ కాస్త బయటికి కనబడితే పట్టుకారుతో పట్టి వెనక్కి తిప్పితే చాలాసార్లు తేలికగానే వచ్చేస్తుంది. లోపల వెల్డు చేసిన నట్టు కూడా ఊడి తిరుగుతుంటే మాత్రం దాని బదులు రివెట్ నట్టు (రేకు రంధ్రంలో రివెట్‌లా నొక్కి బిగించే నట్టు) వేయించుకోండి. మళ్లీ బిగించేటప్పుడు అన్ని బోల్టులనూ ముందు వేళ్లతోనే ఎక్కించి, బానెట్ మూసి, తలుపు కూడా మూసి, ఫెండరుకూ వాటికీ మధ్య సందు అంతటా ఒకేలా ఉందో లేదో చూసుకొని, ఆ తర్వాతే ఒక్కొక్కటిగా బిగించాలి. తల తిరుగుతున్నప్పుడు రేకును కూడా తన వెంట కాస్త లాక్కుపోతుంది కాబట్టి, బిగించాక మరోసారి సందు చూడాలి. ఒక మాట అనుమానంగానే చెబుతున్నాను: కొత్త ఫెండరు అదురుడుకు కారణం చాలాసార్లు వదులు బోల్టు కాదు, షెడ్డులో తిరిగి వేయడం మరిచిన చక్రం గూటి ప్లాస్టిక్ తొడుగు క్లిప్పు. దాన్ని ముందు చూసుకోండి.

ప్రశ్న: వానల్లో కారులోకి నీళ్లు చేరడంతో ముందు సీట్లు తీసి కార్పెట్ ఆరబెట్టాం. సీట్లు, బెల్టులు తిరిగి మేమే బిగించుకోవచ్చా? ఎంత బిగించాలి?
– ఒక పాఠకురాలు, వరంగల్లు

జవాబు: బిగించుకోవచ్చు, కానీ ఇది ఫెండరు లాంటి పని కాదు. ఫెండరు బోల్టు ఊడితే చప్పుడు వస్తుంది, సీటు బోల్టు ఊడితే మనిషికే ముప్పు. అందువల్ల ఇక్కడ ‘సుమారు’ అంకెలు పనికిరావు. మీ కారు మోడలుకు చెందిన వర్క్‌షాపు పుస్తకంలోని అంకెనే తీసుకోండి. కారుతో ఇచ్చే చిన్న పుస్తకంలో సాధారణంగా చక్రాల నట్ల కొలత తప్ప ఇవి ఉండవు. మీ కంపెనీ సర్వీసు కేంద్రంలో అడిగి రాయించుకోండి.

సీటు కింద పసుపు రంగు కనెక్టరు ఉంటే అది ఎయిర్‌బ్యాగుది లేదా బెల్టును బిగలాగే పరికరానిది. దాన్ని తిరిగి కలిపే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసి కొన్ని నిమిషాలు ఆగాలి. అది కలపకుండా మధ్యలో తాళం తిప్పి చూస్తే డ్యాష్‌బోర్డు మీద హెచ్చరిక దీపం వెలిగి, స్కానరు పెట్టేదాకా ఆరదు. నాలుగు బోల్టులనూ వేళ్లతో ఎక్కించాక సీటును పూర్తిగా వెనక్కి జరిపి ముందు రెండూ, పూర్తిగా ముందుకు జరిపి వెనక రెండూ బిగించాలి. తర్వాత సీటును జరిపి వదిలితే రెండు పట్టాలూ ఒకేసారి టక్కుమని పడాలి. ఒకటి ముందూ ఒకటి వెనకా పడితే సీటు మెలితిరిగి ఉన్నట్టే, విప్పి మళ్లీ మొదలుపెట్టాలి.

బెల్టు బోల్టుల విషయంలో ఇంకో జాగ్రత్త ఉంది. చాలా దేశాల కార్లలో వాటి మరలు మిల్లీమీటర్ల లెక్కవి కావు, ఒక అంగుళంలో పదహారింట ఏడు వంతుల మందంతో, అంగుళానికి 20 మరలతో ఉంటాయి. బజారు నుంచి తెచ్చిన ఎం10 అందులో వదులుగా కూర్చుంటుంది, ఎం12 ఎక్కదు. పాత బోల్టు పోతే అదే కంపెనీ బోల్టు తెప్పించుకోవలసిందే. మర మీద రంగు పూతలా కనిపించే అంటుమందు ఉన్నవాటిని ఒకసారి విప్పాక కొత్తవి వేయడం మంచిది.

ప్రశ్న: మాది బొలెరో. ఘాట్ రోడ్డులో మలుపు తిరిగినప్పుడల్లా బాడీ కిర్రుమంటోంది. బాడీని ఛాసిస్‌కు కలిపే బోల్టులను రెండుసార్లు ఫుల్ టైట్ చేయించాను. వారం రోజులు బాగుండి మళ్లీ మొదలవుతోంది.
– ఒక డ్రైవరు, పాడేరు

జవాబు: మీ బండికి కింద నిచ్చెనలాంటి ఛాసిస్, దాని మీద విడిగా బాడీ ఉంటాయి. రెండింటి మధ్య రబ్బరు బుష్షులు, వాటి నడుమ ఉక్కు గొట్టం ఉంటాయి. బోల్టు బిగించేది రబ్బరును కాదు, ఆ గొట్టాన్ని. గొట్టం అటూ ఇటూ ఆనిన తర్వాత బోల్టు సరైన కొలతకు చేరుతుంది, రబ్బరు మాత్రం తన పని తాను చేసుకునేంత వదులు మిగులుతుంది. రబ్బరు ఎండి పగిలిపోయినా, గొట్టం తుప్పుతో కురచైపోయినా ఎంత టైట్ చేసినా ఆ బలం రబ్బరును పిండడానికే పోతుంది. పిండిన రబ్బరు వారంలో నలిగి మళ్లీ కిర్రుమంటుంది. మీరు చెప్పిన వారం రోజుల లెక్క దీనికి సరిగ్గా సరిపోతోంది.

బుష్షులు మార్పించండి. ఒక్కటే మారిస్తే బరువంతా దాని మీదే పడుతుంది కాబట్టి అన్నీ ఒకేసారి మార్చడం మేలు. బాడీని ఎత్తే ముందు స్టీరింగు కాడ, బ్రేకు గొట్టాలు, వైర్లు లాగుడు పడకుండా చూడమనండి. బోల్టులన్నీ వదులుగా ఎక్కించాక జాకీలు తీసి, బండిని సమతలం మీద నాలుగు చక్రాల మీద నిలిపి, అప్పుడే కొలతకు బిగించాలి. ఎయిర్ గన్‌తో దింపేసి వదిలేయనివ్వకండి. గన్‌తో సగం దాకా దింపి, చివరి బిగింపు చేతి రెంచ్‌తో చేయడంలో తప్పు లేదు.

ప్రశ్న: ఇక్కడ కొన్న రెంచ్ మీద రెండు వరసల అంకెలు ఉన్నాయి. పుస్తకంలో 80 అని ఉంటే ఏ వరస చూడాలి?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: పుస్తకంలో అంకె పక్కన ఏముందో చూడాలి. ఒక అడుగు పౌండు 1.356 న్యూటన్ మీటర్లతో సమానం. 80 న్యూటన్ మీటర్లు అన్నచోట అడుగు పౌండ్ల వరసలో 80 పెడితే 108 న్యూటన్ మీటర్లు పడుతుంది, అంటే మూడోవంతుకు పైగా ఎక్కువ. ఇండియాలోని పాత పుస్తకాల్లో కిలోగ్రాం-మీటర్ల (kgf·m) లెక్క కనబడితే దాన్ని 9.8తో గుణిస్తే న్యూటన్ మీటర్లు వస్తాయి.

ప్రశ్న: తక్కువ ధరకు కొన్న క్లిక్ రెంచ్‌ను నమ్మవచ్చా? ఇంట్లో పరీక్షించే పద్ధతి ఉందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: చేతి టార్క్ రెంచ్‌లకు వర్తించే ఐఎస్‌ఓ 6789 ప్రమాణం ప్రకారం 10 న్యూటన్ మీటర్లు దాటిన క్లిక్ రెంచ్ నూటికి 4 పాళ్లకు మించి తేడా చూపకూడదు. వాడకం 5,000 క్లిక్కులు దాటినా, ఏడాది గడిచినా మళ్లీ సరిచూపించాలి. ఇంట్లో అంత కచ్చితంగా తేలదు గానీ, మరీ అబద్ధం చెబుతోందో లేదో తెలుసుకోవచ్చు. బకెట్టులో నీళ్లు పోసి, బకెట్టుతో కలిపి సరిగ్గా 10 కిలోలు తూగేలా చేయండి. బెంచ్ వైసులో ఒక పెద్ద బోల్టును పడుకోబెట్టి బిగించి, దాని తలకు సాకెట్‌తో రెంచ్ తొడిగి, రెంచ్ నేలకు సమాంతరంగా ఉండగా బోల్టు నడుమ నుంచి 40 సెంటీమీటర్ల దూరంలో పిడి మీద బకెట్టు మెల్లగా వేలాడదీయండి. అక్కడ పడే బలం 39 న్యూటన్ మీటర్లు. రెంచ్ సొంత బరువు వల్ల ఇంకో రెండు మూడు కలుస్తాయి. రెంచ్‌ను 35 దగ్గర పెట్టినప్పుడు క్లిక్కుమని, 48 దగ్గర పెట్టినప్పుడు ఊరుకుంటే మీ రెంచ్ పనికొచ్చేదే. 35కే క్లిక్కుమనకపోతే అది చూపే అంకె కంటే ఎక్కువ బిగిస్తోందని అర్థం, దుకాణంలో తిరిగి ఇచ్చేయండి.

రెంచ్‌ను బోల్టులు విప్పడానికి వాడకండి, రెండోసారి క్లిక్కుమనిపించకండి, పని అయ్యాక స్ప్రింగును కనిష్ఠ అంకెకు తిప్పి పెట్టెలో పెట్టండి. ఆ కనిష్ఠ అంకెకన్నా కిందికి తిప్పకూడదు.